మా కాయల మీద మంగు

ఆ రోజు నా చేతికి మైకు ఇవ్వకపోయి ఉంటే ఏమయ్యేదని ఇప్పటికీ ఒక్కోసారి ఆలోచిస్తాను. ఏమీ అయ్యేది కాదు. అదే అసలు బాధ. నా చెల్లెలు ఆ పెద్ద కుర్చీలోనే ఉండేది, నేను ఊళ్లో తల ఎత్తుకునే తిరిగేదాన్ని, మా పక్క తోట వదినె కాయలు మాత్రం రెండో రకం కిందే పోతూ ఉండేవి.

నాకు నోట్లో నువ్వు గింజ నానదని మా అమ్మ అంటుండేది. అలాంటిదాని చేతికి మైకు వస్తే ఇక అడగాలా. చెల్లెలు పనిచేసే కంపెనీ వాళ్లు హైదరాబాద్ నుంచి మా ఊరి బత్తాయి తోటలు చూడ్డానికి వచ్చారు. బడి ఆవరణలో టెంటు వేశాం. ముందు వరసలో కుర్చీలు, బల్ల మీద ఒలిచిన బత్తాయి తొనలు. వచ్చినవాళ్లలో కంపెనీ బోర్డు సభ్యుడొకాయన ఉన్నాడు. తెల్ల మీసాలు, నెమ్మదైన మనిషి. ఆయన పక్కనే మా చెల్లెలు.

మాటల మధ్యలో వదినె లేచింది. "సార్, మా కాయలన్నీ రెండో దాంట్లనే పోతున్నయి. కూలి గూడ వస్తలేదు. గిట్లయితే నేను తోట పీకేస్త" అంది. నాకు తల కొట్టేసినట్టయింది. పెద్దవాళ్లు వచ్చిన రోజునే ఈమెకు ఈ మాట కావాలా అనిపించింది. గబగబా పోయి మైకు లాక్కున్నాను.

"వదినె, నువ్వు ఫికర్ చెయ్యకు. కాయలు చూసే ఫోను మా చెల్లె కంపెనీది. రెండో రకం కాయలు కొనే జడ్చర్ల జ్యూస్ ఫ్యాక్టరీల గూడ మా చెల్లెకు వాటా ఉన్నది. అటు మనోళ్లే, ఇటు మనోళ్లే. ఇగ మోసమెక్కడిది?" అన్నాను.

చప్పట్లు కొట్టారు. వదినె కూడా కొట్టింది. బోర్డు పెద్దాయన మాత్రం నోటి దాకా తీసుకుపోయిన తొనను మళ్లీ పళ్లెంలో పెట్టేశాడు. "అమ్మా, ఫ్యాక్టరీలో ఎవరికి వాటా ఉందన్నారు?" అని మెల్లగా అడిగాడు. పాపం, ఆయనకు వినపడలేదేమో అనుకున్నాను. మైకు ఇంకా దగ్గరగా పెట్టుకుని, మా చెల్లెలు, మా మరిది, ఇంకో ఇద్దరు దోస్తులు కలిసి ఒక ఫండు పెట్టుకున్నారనీ, ఫ్యాక్టరీలో ఆ ఫండుకు వాటా ఉందనీ విడమరచి చెప్పాను. చెల్లెలు చేతిలోని ఫోను వైపే చూస్తూ కూర్చుంది. ఆ ఫోను వెలుగుతూ కూడా లేదు. పొగిడితే సిగ్గుపడుతోంది పిచ్చిది అనుకున్నాను. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. నా మాట పృథివి దాకా పోనక్కర్లేదు, ముందు వరస దాకా పోయింది, అంతే చాలింది.

ఇదంతా తెలియాలంటే మా ఊరి సంగతి కొంచెం చెప్పాలి. మాది నల్లగొండ జిల్లాలో కేతేపల్లి దాటి లోపలికి పోతే వచ్చే ఊరు. బత్తాయి వ్యాపారంలో తూకం కంటే పెద్దది సూటు. కాయల్ని తూచిన తర్వాత, ఆ రాశిలో పుచ్చులు ఇన్ని, మచ్చ కాయలు ఇన్ని ఉంటాయని కంటితో అంచనా కట్టి, తూకంలోంచి కొంత బరువు తీసేస్తారు. దాన్నే సూటు అంటారు. చూసినవాడి కన్ను ఎంతంటే అంత. వ్యాపారి చెప్పేది రైతుకు నచ్చదు, రైతు చెప్పేది వ్యాపారికి నచ్చదు. అందుకని మా ఊళ్లో ఇద్దరూ నమ్మే ఒక మనిషి చెప్పేవాడు. ఆ మనిషి మా బాపు.

ఆ పని వల్ల బాపుకు ఊళ్లో చెప్పలేనంత ఇజ్జత్ ఉండేది. మా తోట కాయలు కాటా మీదికి వచ్చినప్పుడు మాత్రం ఆయన సూటు చెప్పేవాడు కాదు. తువ్వాల దులిపి భుజాన వేసుకుని, కాటాకు వీపు పెట్టి, పక్క తోట దిక్కు తిరిగి నిలబడేవాడు. చెల్లెలు చిన్నప్పుడు ఒకసారి ఆయన ధోవతి పట్టుకుని ఎందుకట్లా తిరిగావని అడిగింది. "నా కండ్లు నా దిక్కే చూస్తయి బిడ్డా. గందుకే తిప్పుకున్న" అన్నాడు. ఆ మాట ఊరంతా చెప్పుకుంది. పెళ్లిళ్లలో, పంచాయితీల్లో ఆయన్ని చూపించి మరీ చెప్పేవారు. మేమిద్దరం ఆడపిల్లలం ఆ మాట విని పొంగిపోతూ పెరిగాం.

బాపు వీపు తిప్పాక సూటు చెప్పేది ఎవరో చెప్పలేదు కదూ. మా మేనమామ. అమ్మకు సొంత తమ్ముడు. పొద్దున మా ఇంట్లో తిని, మధ్యాహ్నం మా ఇంట్లో పడుకునే మనిషి. ఆయన మా రాశి చుట్టూ తిరిగి, ఒక కాయ తీసి వాసన చూసి, గొంతు సవరించుకుని, ఊరందరి కంటే తక్కువ సూటు చెప్పేవాడు. వ్యాపారి నవ్వేవాడు, రైతులు నవ్వేవారు, నేనూ చెల్లెలూ ఒకరినొకరం గిల్లుకుని నవ్వేవాళ్లం. బావ కాయలకు బామ్మర్ది ఇంకేం చెబుతాడు మరి. అందులో ఎవరికీ తప్పు కనపడలేదు. బాపు వీపు తిప్పాడు కాబట్టి ఆయన మంచివాడు. మామకు బావ మీద ప్రేమ కాబట్టి ఆయనా మంచివాడే. మొత్తం మీద మా కాయలకు ఎప్పుడూ సూటు తక్కువే పడేది.

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు బాపు పోయాడు. మామ అప్పటికే లేడు. చెల్లెలు కంప్యూటర్ చదువు చదివి, భువనగిరి అబ్బాయిని చేసుకుని, హైదరాబాద్‌లో ఒక కంపెనీలో చేరి, చూస్తుండగానే అందులో రెండో స్థానానికి ఎదిగింది. నేను మాత్రం తోటతోనే ఉండిపోయాను. నాకు అందుకు ఏడుపేమీ లేదు. చెల్లెలు పెద్దదైతే నా మెడ కూడా ఒక బెత్తెడు పొడుగయిందనే అనుకునేదాన్ని.

ఆమె కంపెనీ తయారు చేసింది ఒక యాప్. కాయల రాశిని ఫోనుతో ఫొటో తీస్తే చాలు, ఎన్ని మంచివో ఎన్ని మచ్చవో అదే తేలుస్తుంది. మంచివి మొదటి రకం, పెద్ద మార్కెట్లకు పోతాయి. మచ్చవి రెండో రకం, జ్యూస్ ఫ్యాక్టరీకి పోతాయి, ధర బాగా తక్కువ. "ఇగ సూటు లేదు, సూటు చెప్పే మనిషి లేడు అక్కా. బాపు ఉంటే మస్తు సంబరపడేటోడు" అంది చెల్లెలు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ వారమే ఊరి మీద పడ్డాను. ఇల్లిల్లూ తిరిగి రైతుల్ని యాప్‌లో చేర్పించాను.

అందరిలోకీ మొండికేసింది పక్క తోట వదినె. మా మధ్య చుట్టరికం లేదు. పొలం గట్టు కలిసిన మనుషులం, వరస ఏదో తేలక ఒకరినొకరం వదినె అని పిలుచుకుంటాం. ఆమె భర్త లారీ మీద పోతే నెలకోసారి ఇంటికి వస్తాడు. తోట మొత్తం ఆమె చేతి మీదే. ఆమెకు ఇంకో ఆధారం లేదు.

"ఫోను ఏం చూస్తది వదినె? దానికేం ఎరిక కాయ సంగతి?" అంది.

"ఫోను వెనక మా చెల్లె ఉన్నది" అన్నాను.

కాసేపు గడ్డి పరక తుంచుతూ నిలబడింది. "ఫోను మీద గాదు, నీ మాట మీద వస్తున్న" అంది. ఎంత గర్వపడ్డానో. ఇంటికి వచ్చి మా ఆయనకు ఆ మాట చెప్పి, మళ్లీ చెప్పి, చివరికి ఆయన రేడియో పెట్టుకునే దాకా చెప్పాను.

ఫండు సంగతి నాకు తెలిసింది చెల్లెలి కొత్త ఇంటి గృహప్రవేశం రోజు. చుట్టాలంతా భోజనాలు చేసి పోయారు. వంటింట్లో ఇద్దరం గిన్నెలు సర్దుతున్నాం. ఫండంటే ఏమిటని అడిగితే నాకర్థమయ్యేలా చెప్పింది. చిట్టీ లాంటిదే, నలుగురు డబ్బు వేస్తారు, కానీ పాట పాడి ఎత్తుకోరు, ఆ డబ్బుతో వేరే కంపెనీల్లో వాటాలు కొంటారు. ఆ కంపెనీలు పెరిగితే వీళ్ల డబ్బు పెరుగుతుంది. జడ్చర్ల జ్యూస్ ఫ్యాక్టరీలో కూడా కొన్నామంది. "ఎవ్వలకు చెప్పకు అక్కా" అని కూడా అంది. దిష్టి తగులుతుందని అలా అంటోందనుకున్నాను. మా ఇళ్లలో ఆస్తి సంగతి చెప్పొద్దంటే దిష్టికే కదా. ఇంకోలా ఆలోచించే తెలివి నాకు లేకపోయింది.

చెప్పకుండా ఉండగలనా. నెల తిరగకుండా మా ఊళ్లో బత్తాయి పెట్టిన ప్రతి ఇంటికీ తెలిసిపోయింది. విన్నవాళ్లలో ఒక్కరంటే ఒక్కరు కూడా మొహం చిట్లించలేదు. అది గుర్తుపెట్టుకోవాలి. "అట్లయితే మనకు బాధ లేదు" అన్నారు. కాయల్ని రకాలు చేసేదీ మనమ్మాయే, కొనేదీ మనమ్మాయే అయితే మన కాయలకు ధర ఎక్కడికి పోతుందని సంతోషించారు. నేను కూడా అలాగే లెక్క వేసుకున్నాను. కంచే చేను మేస్తుందన్న సామెత మాకందరికీ తెలుసు. మన కంచె మన చేను మేయదులే అనుకున్నాం.

మొదటి కాపు బాగానే పోయింది. మా తోట గేటుకు కంపెనీ వాళ్లు ఒక రేకు బోర్డు కొట్టారు, 'నమూనా తోట' అని. నా కాయలు ఎప్పుడూ మొదటి రకమే. దారిన పోయేవాళ్లకు కనబడాలని ఆ బోర్డు ముందున్న తుమ్మ కొమ్మల్ని నేనే కొట్టించాను.

తర్వాత తర్వాత ఊళ్లో మిగతా వాళ్ల కాయలు రెండో రకంలోకి జారడం మొదలైంది. కారణం మంగు. నల్లి పురుగు వల్ల బత్తాయి తొక్క మీద గోధుమరంగు పొరలా వచ్చే మచ్చను మంగు అంటాం. లోపల కాయకు ఏమీ కాదు, తీపికి తక్కువ ఉండదు, చూపుకే బాగుండదు. ఇంతకు ముందు కొంచెం మంగు ఉన్నా ఫోను మొదటి రకంలోనే వేసేది. ఇప్పుడు అరచేతి మీద పుట్టుమచ్చంత ఉన్నా రెండో రకం అంటోంది. ఎంత మంగు ఉంటే ఏ రకమో ఫోనుకు నేర్పేది చెల్లెలూ, ఆమె కింద పనిచేసేవాళ్లూ.

వదినె కాయలు అందరికంటే ఎక్కువ దెబ్బ తిన్నాయి. సాయంత్రం పూట వచ్చి మా అరుగు మీద కూర్చునేది. నాకు అప్పుడు ఎంత నోరుండేదో తలచుకుంటే ఇప్పుడు చెవులు మండుతాయి. "గంధకం కొట్టాలె వదినె. పురుగును వదిలేసి ఫోనును తిడితే ఏమొస్తది? నా కాయలు చూడు" అనేదాన్ని. ఒకసారి ఆమె చేతిలో గంధకం పొట్లం కూడా పెట్టాను. ఆమె కొట్టింది కూడా. అయినా రెండో రకమే.

ఇక లాభం లేదని చెల్లెలికి ఫోను చేశాను. "వదినె కాయల్ని జర చూడు" అన్నాను. "చూస్త అక్కా" అంది. ఆ తర్వాతి కోతకు వదినె కాయలు మొదటి రకంలో పోయాయి. దాని తర్వాతి కోతకు మళ్లీ మామూలే. నేనడిగింది తప్పని నాకు అప్పుడు తట్టలేదు. మాటిస్తే నిలబెట్టుకుంటుంది, పని ఒత్తిడిలో మరిచిపోయి ఉంటుంది అనుకున్నాను. అలా నడుస్తుండగానే కంపెనీ వాళ్లు రావడం, టెంటు వేయడం, నేను మైకు లాక్కోవడం జరిగాయి.

ఆ తర్వాత చాన్నాళ్లు చెల్లెలు ఫోను ఎత్తలేదు. మరిది ఎత్తి, "బిజీగా ఉంది వదినా" అని ఒక్క ముక్కలో పెట్టేసేవాడు. నేను కూడా అలిగాను. ఊరందరి ముందు అంత పొగిడితే ఇదా మర్యాద అనుకున్నాను. ఎట్లాంటి మూర్ఖురాలినో చూడండి.

ఒక మధ్యాహ్నం ఒక్కతే కారు నడుపుకుంటూ వచ్చింది. ఇంట్లోకి రాకుండా నేరుగా తోటలోకి వచ్చి, మోటారు దగ్గర గట్టు మీద కూర్చుంది. మొహం పీక్కుపోయి ఉంది. అన్నం తింటావా అంటే వద్దంది. మజ్జిగ తెస్తే గ్లాసు పట్టుకుని కూర్చుంది గానీ తాగలేదు.

"నన్ను రాజీనామా చెయ్యమన్నరు అక్కా" అంది.

ఎందుకని అడిగితే చెప్పింది. పెద్ద పదవిలో ఉన్నవాళ్లు తమకు ఎక్కడెక్కడ వాటాలున్నాయో కంపెనీకి ముందే చెప్పాలట. మరీ ముఖ్యంగా, తమ కంపెనీ ఎవరితో వ్యాపారం చేస్తుందో అందులో వాటా ఉంటే తప్పకుండా చెప్పాలట. ఈమె ఫండు ఉందని చెప్పింది. ఆ ఫండు ఏమేం కొన్నదో చెప్పలేదు. అంటే సంచి ఉందని చెప్పి, సంచిలో ఏముందో దాచింది.

"నేను ఏం చెడగొట్టిన్నో చెప్పు. జ్యూస్ ఫ్యాక్టరీ సంగతి మీటింగ్‌ల వచ్చిన ప్రతిసారి లేచి బయటికి పోయిన. ఒక్క సంతకం పెట్టలే" అంది.

"నువ్వు లేచి బయటికి పోతే నీ జాగల ఎవలు మాట్లాడేటోళ్లు?"

"నా కింద పనిచేసే అమ్మాయి."

"ఆమె జీతం పెంచేది ఎవలు?"

గ్లాసు గట్టు మీద పెట్టింది. "నేనే" అంది. తర్వాత నా వైపు తిరిగి, కోపమూ కాదు, ఏడుపూ కాదు, అలాంటి గొంతుతో, "బాపు గట్లనే గద అక్కా చేసేది" అంది.

కాటా దగ్గరి ఆ రోజులు కళ్ల ముందుకొచ్చాయి. బాపు వీపు, భుజాన తువ్వాల, వెనక మామ గొంతు సవరించుకోవడం, మేం గిల్లుకుని నవ్వడం. ఈ పిల్ల అది చూసే పెరిగింది. వీపు తిప్పితే చాలునని మా ఇంట్లోనే నేర్చుకుంది. ఇంగ్లీషు చదువులు ఆమెను చెడగొట్టాయని అనుకోవడానికి కూడా నాకు వీల్లేకుండా పోయింది.

"మరి మంగు సంగతేంది? ఫ్యాక్టరీ కోసమేనా ఫోనుకు గంత గట్టిగ నేర్పింది?" అన్నాను.

"ఫ్యాక్టరోళ్లు కాయలు చాలుతలేవన్నరు. పెద్ద మార్కెటోళ్లు మచ్చ కాయ వద్దన్నరు. రెండూ నిజమే. దేని కోసం చేసిన్నంటే, ఒట్టు అక్కా, నాకే ఎరిక లేదు. కాయలు ఫ్యాక్టరీ దిక్కు మళ్లితే నా ఫండుకు మంచిది. అది మనసుల పెట్టుకుని చేసిన్నా, పెట్టుకోకుండ చేసిన్నా, ఇగ ఎట్ల తెలుస్తది?"

అబద్ధం చెబుతోందేమోనని మొహంలోకి చూశాను. అబద్ధం కాదు. నిజంగానే తెలియదు ఆమెకు. నా కండ్లు నా దిక్కే చూస్తయి అని బాపు ఊరికే అనలేదు.

అక్కడితో ఆగి ఉంటే నా పరువు కొంతైనా మిగిలేది. ఆగలేదు. నాకున్న ఒక్క ధైర్యాన్ని చూపించబోయాను. "ఏమన్న గానీ, నా కాయల మీద ఒక్క మచ్చ పడనియ్యలే. నమూనా తోట అని నువ్వు పేరు పెట్టినందుకు నీ ఇజ్జత్ నిలబెట్టిన" అన్నాను.

చెల్లెలు తల వంచుకుంది. "అక్కా, నమూనా తోటల ఫొటోలు ఫోను చూడదు. అవి నేరుగా మొదటి రకంలకు పోతయి. కొత్తల కొన్ని తోటలకు గట్ల పెట్టినం. మిగతాయి తీసేసినం. నీది నేను తియ్యలే" అంది.

నేను లేచి పక్క చెట్టు దగ్గరికి పోయి ఒక కాయ తెంపాను. అంతకు ముందు వెయ్యిసార్లు చూసిన కాయే. తొక్క మీద ఒక వైపంతా గోధుమరంగు పొర. ఇంకొకటి తెంపాను. దాని మీదా ఉంది. వదినె కాయల మీద ఉన్నంతే ఉంది, ఇంకా కొంచెం ఎక్కువే ఉందేమో. నేను రోజూ చూస్తున్నాను వాటిని. నా కళ్లకు మంగు కనబడలేదు. గంధకం పొట్లం చేతిలో పెట్టి వదినెకు బుద్ధులు చెప్పాను. చెల్లెలు వెళ్లిపోయేదాకా ఆమె వైపు తిరగలేకపోయాను.

చెల్లెలు రాజీనామా చేసింది. ఫండు వాటా అమ్మేసుకున్నారు. కంపెనీ మా ప్రాంతంలో ఆ యాప్ నడపడం ఆపేసింది. మేం మళ్లీ కాటా దగ్గరికే వచ్చాం.

రైతుల్ని పిలిచి జరిగిందంతా చెప్పాను. నా తోట ఫొటోల సంగతితో సహా చెప్పాను. తిడతారనుకున్నాను, తిట్టించుకుందామనే పోయాను. ఒక పెద్దమనిషి చుట్ట తీసి, "అక్క తోటకు చెల్లె చేసుకున్నది. అందుల తప్పేమున్నది? మా తోటలకు గూడ చేస్తదని గదా మేం చేరింది. చెయ్యలేదు, గదే మా బాధ" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. నన్ను తిట్టి ఉంటే ఇంత కుంగిపోయేదాన్ని కాదు. వాళ్లు నన్ను అర్థం చేసుకున్నారు. కాటా మన దిక్కు వంగితే న్యాయం, అవతలి దిక్కు వంగితే మోసం, ఇదే మా అందరి లెక్క. ఆ లెక్క వాళ్లకు నేనే ఇల్లిల్లూ తిరిగి చెప్పి వచ్చాను.

వదినె కొంగుతో మొహం తుడుచుకుని వెళ్లిపోయింది. నేను వెనకే పోయి, "ఈ ఒక్క కాపు ఆగు వదినె, మళ్లీ మామూలు ధర వస్తది" అని బతిమాలాను. ఆమె నడుస్తూనే, "రెండేండ్ల సంది కూలోళ్లకు చేతి నుంచి పెట్టుకున్న. ఇగ నాతోని గాదు" అంది. ఆ వారంలోనే జేసీబీ వచ్చింది. బత్తాయి చెట్టును పీకుతుంటే పెద్ద చప్పుడేమీ రాదు. వేళ్లు తెగినప్పుడు ఒక గుడ్డ చినిగినట్టు వినిపిస్తుంది, అంతే. నేను ఇంట్లో తలుపు వేసుకుని కూర్చున్నాను. నా గేటు మీది రేకు బోర్డు ఊడబీకి మోటారు స్టార్టరు పెట్టె మీద వాన పడకుండా కప్పాను. రాతలు లోపలి వైపుకు పెట్టాను.

తర్వాతి కాపు వచ్చింది. మా తోట ముందే కాటా పెట్టారు. ఊరి పెద్దమనిషి ఒకాయన అందరికీ సూటు చెబుతున్నాడు. నా రాశి వంతు వచ్చేసరికి ఆయన నా వైపు చూసి నవ్వాడు. "నీది నువ్వే చెప్పుకుంటవా, మీ మామ కొడుకును పిలువమంటవా?" అన్నాడు. ఎగతాళికి అనలేదు. మా ఇంటి రివాజు అదే కదా.

"మామ కొడుకు వద్దు. నువ్వూ వద్దు పెద్దయ్యా, నాకు నువ్వంటే భయం, నీకు నేనంటే మొహమాటం. ఈ కాటా మీద కాయలు లేని మనిషి ఎవలన్న చెప్పాలె" అన్నాను.

అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. కాయల్లేని మనిషి ఎవరుంటారు అక్కడ. బత్తాయి ఊళ్లో అందరికీ బత్తాయే. అప్పుడే వదినె గట్టు మీద నుంచి వస్తోంది. పీకేసిన తోట జాగాలో ఇప్పుడు పత్తి పెట్టింది. కలుపు తీసి, చేతిలో కొడవలితో ఇంటికి పోతోంది. చూపులన్నీ ఆమె మీదికే పోయాయి. కాయల్లేనిది ఆ ఊళ్లో ఆమె ఒక్కతే.

ఎవరు పిలిచారో నాకు గుర్తు లేదు, నేను మాత్రం కాదు. ఆమె కొడవలి కింద పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని కాటా దగ్గరికి వచ్చింది. నేను బాపులాగే వీపు తిప్పి నిలబడ్డాను. బాపు అలా తిరిగినప్పుడు ఎదురుగా పక్క తోట ఉండేది, ఆకుపచ్చగా. ఇప్పుడు నా ఎదురుగా మోకాలెత్తు పత్తి చేను, గట్టున పడేసిన ఎండు బత్తాయి మొద్దులు ఉన్నాయి. వీపు తిప్పుకున్నా చూడక తప్పలేదు.

వెనక కాయలు దొర్లుతున్న చప్పుడు వినపడుతోంది. ఆమె తొందర పడలేదు. పైపైన కాకుండా అడుగు నుంచి కూడా తీసి చూస్తున్నట్టుంది. చివరికి సూటు చెప్పింది. ఆ రోజు అందరికీ పడిన దానికంటే ఎక్కువ. వ్యాపారి కూడా "గంతనా?" అన్నాడు.

"గంతే ఉన్నది. ఆమెను చూసుకోమను" అంది వదినె.

"వద్దు, రాసుకోండి" అన్నాను, తిరగకుండానే.

ఆమె కొడవలి తీసుకుని నా పక్క నుంచే పోతూ ఆగింది. గొంతులో కక్ష లేదు, వెటకారం లేదు, ఒక తోట మనిషి ఇంకో తోట మనిషికి చెప్పినట్టే చెప్పింది.

"మంగు బాగ పట్టింది వదినె. వచ్చే కాపుకన్న గంధకం కొట్టు."

సరేనన్నాను.